కోడలు క్యాలెండర్‌లో రాసింది చదవండి

ప్రశ్న: మా అబ్బాయికి 31 ఏళ్ళు. ఇరవయ్యో ఏట ఇంజనీరింగ్ చదువుతుండగా ఒకసారి పది రోజులు కంటిమీద కునుకు లేకుండా, ఏవేవో పెద్ద మాటలు మాట్లాడుతూ తిరిగాడు. డాక్టరు బైపోలార్ అని, ఒకప్పుడు అతి హుషారు, మరొకప్పుడు కుంగుబాటు వచ్చే మానసిక జబ్బని చెప్పి లిథియం మాత్రలు రాశారు. నాలుగేళ్ళ కిందట సంబంధం కుదిరినప్పుడు ఆ మాత్రలు ఆపించాం. అవతలివారికి చెప్పలేదు. చెబితే పెళ్ళవుతుందా? పెళ్ళయిన ఏడాదికి తాగుడు మొదలైంది. డీ అడిక్షన్ కేంద్రంలో ఒకసారి నెల, మరోసారి రెండు నెలలు ఉంచాం. బయటికి వచ్చిన కొన్నాళ్ళకే మళ్ళీ మొదలు. పాత జబ్బు సంగతి అక్కడా చెప్పలేదు. మధ్యలో ఒక డాక్టరు దిగులుకు మాత్రలిస్తే బాగా హుషారయ్యాడు. నయమైందనుకున్నాం. చిట్టీ పాడిన డబ్బుతో పాత కారు కొన్నాడు, తర్వాత ఇంకా ఎక్కువ తాగాడు. ఆరు నెలలుగా కోడలు బిడ్డతో పుట్టింట్లోనే ఉంది. ఇక్కడున్నన్నాళ్ళూ వాడు ఎప్పుడు పడుకున్నాడో, ఎప్పుడు తాగాడో గోడ క్యాలెండర్‌లో పోలీసులా రాసేది. నెల కిందట పాత చీటీ చూపించి లిథియం నేనే కొని వేయిస్తున్నాను. ఈ మధ్య ఒకరు తాగుడు మాన్పించే పొడి ఇచ్చి, తెలియకుండా మజ్జిగలో కలపమన్నారు. రెండుసార్లు కలిపాను. రెండోరోజు రాత్రి తాగి వచ్చాక మొహం ఎర్రబడి, గుండె దడతో వాంతులు చేసుకున్నాడు. ఇది పనిచేస్తున్నట్టేనా? లేక 90 రోజులు ఉంచుకునే కేంద్రం మంచిదా? పేరు చెప్పగలరు.
– ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ పొడి ఆపండి. మిగతాది తర్వాత చదువుదురు గాని, లేచి వెళ్ళి ఆ పొట్లం వంటింట్లోంచి తీసి చేతిసంచిలో పెట్టుకోండి. పారేయవద్దు, డాక్టరుకు చూపించాలి.

అందులో ఏముందో అమ్మినవాడికే తెలియాలి. మీరు రాసిన లక్షణాలు చూస్తే డైసల్ఫిరాం కలిసి ఉండవచ్చని నా అనుమానం. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే మద్యం పూర్తిగా విరగదు, సగంలో ఆగి విషంలా పేరుకుంటుంది. మొహం ఎర్రబడటం, దడ, వాంతులు అందుకే. రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికీ రావచ్చు. మందు ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. డాక్టర్లు ఈ మందు వాడతారు, కానీ తాగడం ఆపిన మనిషికి, అన్నీ వివరించి, అతను ఒప్పుకున్నాక. బైపోలార్ ఉన్నవారికైతే ఒకటికి పదిసార్లు ఆలోచిస్తారు.

మీ అబ్బాయి లిథియం కూడా వేసుకుంటున్నాడు. వాంతులై ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. పదకొండేళ్ళ నాటి చీటీ చూపించి, మూత్రపిండాల పరీక్ష, థైరాయిడ్ పరీక్ష లేకుండా లిథియం వేయించడం ఎంత ప్రమాదమో మీకు ఎవరూ చెప్పలేదు. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా, మత్తుగా పడి ఉన్నా ఒక్క గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. ఇవేవీ లేకపోయినా ఈరోజే మానసిక వైద్యుడికి చూపించండి. మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత రక్తం తీసి లిథియం ఎంత ఉందో చూస్తారు. గదిలో పెట్టి తాళం వేసి తాగుడు మాన్పించే ప్రయత్నం మాత్రం చేయకండి. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు, ఆ తర్వాత మతి భ్రమించవచ్చు. ఆపాల్సింది వైద్యుల కళ్ళముందు, విటమిన్ బి1 ఇస్తూ, వణుకు తగ్గే మందులిస్తూ.

ఇక మీరడిగిన కేంద్రం పేరు. చెప్పను. 30 రోజులైనా 90 రోజులైనా, మీరు పాత జబ్బు దాచిపెట్టి చేర్పిస్తే ఫలితం ఒకటే. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సర్వేలో, మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది. మీ అబ్బాయికి రెండుసార్లు అందింది. అంత అదృష్టమూ వృథా అయింది. వాళ్ళు వైద్యం చేసింది మీరు చెప్పిన మనిషికి. ఆ మనిషి మీ ఇంట్లో లేడు.

దిగులు మాత్రల సంగతే చూడండి. ఆ డాక్టరుకు మీరు దిగులు ఒక్కటే చెప్పారు, ఆయన దిగులుకే మందిచ్చారు. బైపోలార్ ఉన్న మనిషికి ఉద్వేగాన్ని అదుపులో ఉంచే మందు లేకుండా ఆ మాత్రలు ఒక్కటే ఇస్తే మనసు అటు చివర నుంచి ఇటు చివరకు విసిరేసినట్టు లేవవచ్చు. మీరు నయమైందనుకున్న హుషారు అదే అయి ఉంటుంది. చిట్టీ డబ్బు కారైపోయింది అందుకే. ఆ హుషారులో నిద్ర పట్టక కొందరు తాగుతారు, తర్వాత వచ్చే కుంగుబాటును ఓర్చుకోలేక మళ్ళీ తాగుతారు. మీ అబ్బాయి ఎందుకు తాగుతున్నాడో అతన్నే అడగాలి. పక్కింటి కుర్రాడికి పనిచేసిన మందు ఇతనికి పనిచేయకపోవడం వింత కాదు. మద్యం మీద యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ ఇవ్వాలంటే కాలేయం ఎలా ఉందో చూడాలి. తాగుడు మాన్పించడానికే ఇచ్చే మరో మందు అకాంప్రొసేట్ బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే, లిథియం కూడా అంతే, కాబట్టి మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసుకుంటూ ఇవ్వాలి. ఇతనికి తాగుడుకూ బైపోలార్‌కూ ఒకే చోట, ఒకేసారి, ఒకరి మాట ఒకరికి తెలిసేలా వైద్యం జరగాలి. చేర్పించక తప్పకపోతే మానసిక వైద్యుడు రోజూ వచ్చే చోటు చూసుకోండి. గొలుసులతో కట్టేసే చోటయితే గుమ్మం కూడా తొక్కవద్దు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు నా మనసులో ఉన్న మాట. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కొడుకు గురించి పేజీ నిండా రాశారు, కోడలి గురించి రెండు మాటలు. ఒకటి పుట్టింట్లో ఉందని, రెండోది పోలీసులా రాసేదని. నాకు మాత్రం మీ ఉత్తరమంతటిలో తెలివిగా ప్రవర్తించిన మనిషి ఆ అమ్మాయే కనిపించింది.

భర్త ఏ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఏ రోజు తాగాడు, ఏ రోజు తాగలేదు. తిథీ నక్షత్రం పక్కన ఆ చిన్న గడిలో, పాలవాడి లెక్క రాసే చోట, ఆమె రాసి పెట్టింది. బైపోలార్‌కు వైద్యం చేసే ఏ డాక్టరైనా మొదట అడిగేది అదే. నిద్ర తగ్గడం ముందు వచ్చిందా, సీసా ముందు వచ్చిందా అన్నది ఆ గడులు చూస్తే తెలుస్తుంది. జబ్బు పేరే తెలియని పిల్ల, దాన్ని రాత్రి రాత్రికీ కనిపెడుతూ వచ్చింది. పేరు తెలిసిన మీరు పక్కగదిలో ఉండి, ఆమె కాపలా కాస్తోందని నొచ్చుకున్నారు.

చెబితే పెళ్ళవుతుందా అని అడిగారు. అయ్యేదేమో, కాకపోయేదేమో. ఆ నిర్ణయం వాళ్ళది. బైపోలార్ ఉండి, మందులు వేసుకుంటూ, చక్కగా కాపురాలు చేసుకుంటున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ భార్యలకో భర్తలకో అన్నీ తెలుసు. నిద్ర తగ్గితే రెండోరోజే డాక్టరు దగ్గరకు బయలుదేరతారు. మీ కోడలికి ఆ అవకాశం మీరు ఇవ్వలేదు. పైగా అవతలివారి కంట మాత్రలు పడతాయని నడుస్తున్న మందు మాన్పించారు. దీన్ని తల్లిప్రేమ అని సరిపెట్టడం నాకు చేతకాదు. మీకు కూతురుంటే, ఆమెకు ఇలా చేసిన అత్తగారిని మీరు ఏమనేవారో అనుకుని చూడండి.

పెళ్ళప్పుడు కోడలికి తెలియకుండా, కేంద్రంలో డాక్టర్లకు తెలియకుండా, ఇప్పుడు మజ్జిగలో కొడుక్కే తెలియకుండా. మీ వారికి ఈ పొడి సంగతి తెలుసా? తెలియదనే నా నమ్మకం. ఇంతమందికి తెలియకుండా ఒక్కరే ఇంత బరువు మోస్తూ మీరెంత అలిసిపోయి ఉంటారో అర్థం చేసుకోగలను. అయినా ఒప్పుకోలేను.

మొదట మీ అబ్బాయి తాగని పూట చూసి, పక్కన కూర్చుని, మజ్జిగలో పొడి కలిపానని చెప్పండి. కోప్పడతాడు, పడండి. ఏ మందైనా తనంతట తాను చేత్తో తీసుకుని వేసుకునే రోజు రావాలంటే, మీ చేతి మజ్జిగ భయం లేకుండా తాగగలగాలి.

తర్వాత వియ్యాలవారింటికి వెళ్ళండి. మీ వారినీ తీసుకెళ్ళండి. మధ్యవర్తులు వద్దు, పళ్ళూ చీరా వద్దు. పాత చీటీలు, పరీక్షల కాగితాలు అన్నీ పట్టుకెళ్ళి మీ కోడలి ముందు పెట్టి, ఇరవయ్యో ఏట జరిగింది జరిగినట్టు చెప్పండి. వియ్యపురాలికి కాదు, ముందు ఆ అమ్మాయికి. కాపురానికి రమ్మని ఆ రోజు అడగకండి. బిడ్డ కోసమైనా అనే మాట అసలే ఎత్తకండి. ఆమె రాకపోతే నేను ఆమెనే సమర్థిస్తాను. వస్తానంటే డాక్టరు గదిలో అతని పక్క కుర్చీ ఆమెది, మీరు బయట బల్లమీద కూర్చోండి. ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో మీరే కూర్చుని సగమే చెప్పారు.

ఆ క్యాలెండర్ ఇంకా గోడమీదే ఉంటే జాగ్రత్తగా దించి, చుట్టి, ఆ కాగితాలతో పాటే తీసుకెళ్ళండి. అది ఆమెది, ఆమె చేతికే ఇవ్వండి. డాక్టరుకు చూపించడానికి ఒప్పుకుంటావా అమ్మా అని అడగండి.