చేప కొత్త జాతిదని ఎలా తేలుస్తారు?

‘నల్గొండ మార్కెట్లో ఎవరూ గుర్తుపట్టని చేప వస్తే కొత్త జాతి అనేస్తారు. మరి సముద్రం అడుగున దొరికినదాన్ని ఎలా తేలుస్తారు?’ అని ఒకరు అడిగారు.

ఎప్పుడూ చూడకపోవడం ఒక్కటే చాలదు. దాని దగ్గరి జాతులన్నిటితో పోల్చి తేడా చూపించాలి. పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధంలో 2014లో పట్టిన స్నెయిల్‌ఫిష్ సంగతే చూడండి. సుమారు 6,900 నుంచి 8,000 మీటర్ల లోతులో బతుకుతుంది. పొలుసులుండవు. లేత గులాబీ రంగు చర్మంలోంచి లోపలి కాలేయం కనబడుతుంది. అంత మెత్తటి ఒంటిని కోస్తే పాడవుతుంది కదా, అందుకే సీటీ స్కాన్ తీసి ఎముకలు చూశారు. వెన్నుపూసలు, రెక్కల్లోని సన్నటి పుల్లలు లెక్కపెట్టారు. డీఎన్‌ఏ పోల్చడం సరే, నన్నడిగితే అసలు ఓపిక కావాల్సింది ఈ లెక్కలకే.

ఆ వివరాలతో 2017లో పరిశోధన పత్రం అచ్చయ్యాకే ‘సూడోలిపారిస్ స్వైరీ’ అన్న పేరు ఖాయమైంది. 1870ల్లో సముద్రాల అధ్యయనానికి తిరిగిన బ్రిటిష్ నౌక ఛాలెంజర్‌లో పనిచేసిన అధికారి హెర్బర్ట్ స్వైర్ పేరది. ఇలాంటి ప్రతి జాతికీ ఒక నమూనాను ప్రమాణంగా భద్రపరుస్తారు. రేపు ఎవరికి అనుమానమొచ్చినా దాంతోనే పోల్చుకోవాలి.

ఇక మన చెరువుల్లో దొరికే వింత చేప చాలాసార్లు అక్వేరియంలోంచి ఎవరో వదిలేసిన సక్కర్ చేపే. గట్టి పలకల ఒళ్లు, కిందివైపు నోరు ఉన్నాయేమో ముందు చూడండి.