అడగండి, చెబుతాం: ఫోనులో తెలుగు

ప్రశ్న: మాది అయినవిల్లి మండలంలో లంక గ్రామం. వరదొస్తే ఊరి వాట్సాప్ గ్రూపులో 'ఇప్పుడే అందిన వార్త' అంటూ పదిమంది పది రకాలు పెడతారు. ఓసారి పాత కబురు నమ్మి పశువుల్ని ఊరికే గట్టెక్కించాం. గ్రూపు నడిపేవాణ్ని, ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ 'ఇప్పుడే' అన్న మాటని మానిపించండి. ఫార్వర్డ్ చేసిన మెసేజ్ వెంట మొదట రాసినవారి పేరు గానీ, రాసిన వేళ గానీ రావు. మీకు అందిన వేళే పక్కన కనబడుతుంది. నిరుడు జులైలో రాసిన 'ఇప్పుడే' ఈ పూటా 'ఇప్పుడే'. అందుకని తేదీ, గంట, చోటు, చెప్పిందెవరు అన్న నాలుగూ మెసేజ్ లోపలే రాయాలి.

గాబరా అంతా చోటు దగ్గరే పుడుతుంది. 'రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు' అంటారు, ఎక్కడో రాయరు. భద్రాచలంలో మొదటి, రెండో, మూడో హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులకి, నీటి లెక్కలో సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. గోదావరి ముందు భద్రాచలం దాటాకే మన దగ్గరికొస్తుంది కదా, అక్కడ రెండోది పడేనాటికి ఇక్కడ మొదటిది కూడా పడి ఉండకపోవచ్చు. ఇలా రాయించండి: 'ఆగస్టు 16, సాయంత్రం 5. ధవళేశ్వరం 12.4 అడుగులు, పెరుగుతోంది. మొదటి హెచ్చరిక ఉంది. చెప్పింది వీఆర్వో గారు.' పెరుగుతోందా, తగ్గుతోందా, నిలకడగా ఉందా అన్నది వదలొద్దు. అంకె కన్నా అదే ముఖ్యం.

మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని. అబద్ధమని కాదు, మొదట అన్నవాళ్లని అడిగే వీల్లేనంత దూరం వచ్చిందని. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు.

వరద రోజుల్లో గ్రూపు అనుమతుల్లోకి వెళ్లి, మెసేజ్ పెట్టే వీలు అడ్మిన్లకే ఉంచండి. కబుర్లకి వేరే గ్రూపు పెట్టండి, లేకపోతే అందరూ అలుగుతారు. వీడియోలు వద్దు: సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు రెండు వాక్యాలు వెళతాయి, వీడియో తిరుగుతూనే ఉంటుంది. కరెంటు పోయి టవర్ బ్యాటరీ కూడా దిగిపోతే అదీ లేదు. టముకు, గుడి మైకు మానుకోకండి. మైకుకి బ్యాటరీ ఉందో లేదో జూన్‌లోనే చూసుకోండి.

ప్రశ్న: హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపుతాడు. చదవలేకపోతున్నాను. (రాజోలు నుంచి ఒక తల్లి)

జవాబు: తప్పంతా మీవాడిది కాదమ్మా. పాత ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి, తెలుగైతే 70. అందులోనూ వత్తు, గుణింతం విడివిడిగా లెక్క: 'స్త్రీ' ఒక్కటే ఆరు. పొదుపు కోసం పట్టిన అలవాటది. వాట్సాప్‌లో ఆ లెక్క లేదు, అలవాటు మాత్రం మిగిలింది. నష్టమూ ఉంది: ఇంగ్లీషులో కె, ఎ, రెండు ఎల్‌లు, యు రాస్తే కళ్లా, కాళ్లా, కల్లా? మందులషాపు వాడికి పంపే మెసేజ్ అయితే నవ్వులాట కాదు.

జీబోర్డ్ (ఫోనులో గూగుల్ వారి కీబోర్డు) సెట్టింగుల్లో భాషలు తెరిచి, తెలుగు చేర్చి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఅవుట్ ఎంచుకోమనండి. వాడి వేళ్లకి కొత్త పనేం ఉండదు. పైన వచ్చే మొదటి మాటనే గుడ్డిగా నొక్కకూడదు, ల బదులు ళ, న బదులు ణ పడుతుంటాయి.

ప్రశ్న: డీటీపీ షాపువాళ్లిచ్చిన శుభలేఖ మేటరు ఫోనులో అతికిస్తే పిచ్చి గుర్తులొస్తున్నాయి. (పాలకొల్లు)

జవాబు: ఫైలు చెడలేదు. 'అను' లాంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలు కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేని ఫోనుకి లోపలున్న గుర్తులే కనబడతాయి. ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మనండి. మార్చాక వత్తులు, క్రావడి, ముహూర్తం అంకెలు అచ్చుకాపీతో సరిచూసుకోండి. బొమ్మగా పంపితే చాలనుకుంటే సరే గానీ, కల్యాణమండపం పేరు మాత్రం విడిగా టైపు చెయ్యండి. బొమ్మలోని పేరుని కాపీ చేసి మ్యాపులో వెతకడం అందరివల్లా కాదు.