ప్రశ్నలు – జవాబులు: వంకర గ్రాఫులో ఉందా, పట్టికలో ఉందా?

ఈసారి అందిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఆర్, స్టాటా, ఎస్పీఎస్ఎస్ లాంటి గణాంక సాఫ్ట్‌వేర్లతో గీసే గ్రాఫుల గురించే. కానీ వాటిని వరుసగా చదివితే, గీసే కమాండు కంటే గీయడానికి ముందు పట్టికను సిద్ధం చేసిన తీరే ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టిందని తెలుస్తుంది. అందువల్ల జవాబుల్లోనూ పట్టిక సంగతే ఎక్కువగా ఉంటుంది.

ప్రశ్న: 40 మంది రోగుల బరువును నాలుగు సందర్శనల్లో నమోదు చేశాను. ఒక్కొక్కరికి ఒక అడ్డు వరుస, అందులో బరువు1 నుంచి బరువు4 వరకు నాలుగు నిలువు వరుసలు ఉన్నాయి. కాలంతో పాటు బరువు ఎలా మారిందో ఆర్‌లో గీతలుగా చూపాలంటే అడ్డు అక్షానికి ఏ చరరాశిని ఇవ్వాలో తెలియడం లేదు. తోటివారు చెప్పినట్లు ఏదో మార్చి గీస్తే రంపపు పళ్లలాంటి గీత వచ్చింది. – ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ఏ చరరాశిని ఇవ్వాలో మీకు తెలియకపోవడానికి కారణం, ఇవ్వవలసిన చరరాశి మీ పట్టికలో లేకపోవడమే. అది ఎన్నో సందర్శన అన్న సమాచారం ఏ గడిలోనూ లేదు, నిలువు వరుసల పేర్ల చివర అంకెలుగా దాక్కుని ఉంది. దాన్ని పేర్లలోంచి బయటికి తీసి ఒక చరరాశిగా నిలబెట్టడాన్నే పట్టికను వెడల్పు రూపం నుంచి పొడవు రూపానికి మార్చడం అంటారు. ఉదాహరణకు 101వ నంబరు రోగి వరుసలో 62, 61.5, ఖాళీ, 60.8 అని ఉన్నాయనుకుందాం. మార్చిన తరువాత ఆ రోగికి నాలుగు అడ్డు వరుసలు వస్తాయి, ఒక్కో దానిలో రోగి సంఖ్య, సందర్శన, బరువు ఉంటాయి: (101, 1, 62), (101, 2, 61.5), (101, 3, ఖాళీ), (101, 4, 60.8). ఈ పని ఆర్‌లో 'పివట్ లాంగర్', స్టాటాలో 'రీషేప్ లాంగ్', ఎస్పీఎస్ఎస్‌లో 'వార్స్ టు కేసెస్' చేస్తాయి. మార్చిన వెంటనే వరుసల సంఖ్య చూడండి. 40ని 4తో గుణిస్తే 160 రావాలి. ఖాళీ విలువలను వదిలేయమని మీరు చెప్పకుండానే 160 రాలేదంటే, గ్రాఫు సంగతి పక్కన పెట్టి ముందు ఆ తేడా ఎక్కడిదో వెతకాలి.

ఇక రంపం సంగతి. మీరు మార్పిడి సరిగానే చేసి ఉంటారు, ఏయే చుక్కలు ఒకే మనిషివో జీజీప్లాట్‌కు (ఆర్‌లో గ్రాఫులు గీసే ప్యాకేజీకి) చెప్పి ఉండరు. అది చెప్పనప్పుడు ప్యాకేజీ 160 చుక్కలనూ ఒకే గీతగా కలుపుతుంది. మొదటి సందర్శనలోని 40 బరువుల మీదుగా నిలువుగా వెళ్లి, అక్కడి నుంచి రెండో సందర్శనకు దూకి, అక్కడ మళ్లీ నిలువుగా వెళ్తుంది. రోగి సంఖ్యను 'గ్రూప్'గా ఇస్తే 40 గీతలు విడివిడిగా వస్తాయి. స్టాటాలో ఇదే పనికి 'ఎక్స్‌టీ లైన్' ఉంది. పేర్లలోంచి తీసిన సందర్శన సంఖ్య అక్షరాల రూపంలో ఉండిపోతుంది కాబట్టి దాన్ని అంకెగా మార్చడం కూడా మరువకండి. నాలుగు సందర్శనలకు తేడా తెలియదు గానీ, పదో సందర్శన ఉన్న అధ్యయనంలో 10 వెళ్లి 1కి, 2కి మధ్య కూర్చుంటుంది. అంతకంటే మంచిది, సందర్శన సంఖ్యకు బదులు అసలు కాలాన్నే అక్షం మీద పెట్టడం. సందర్శనలు 0, 4, 12, 24 వారాల్లో జరిగి ఉంటే, వాటిని సమాన దూరంలో నిలిపిన గ్రాఫు తొలి మార్పును నెమ్మదిగా, చివరి మార్పును వేగంగా చూపుతుంది.

101వ రోగి గీత రెండో సందర్శన దగ్గర ఆగిపోవడం మీరు గమనిస్తారు. మూడోది ఖాళీ కాబట్టి ప్యాకేజీ అక్కడ గీతను తెంపింది. రెండో చుక్కను నాలుగో దానితో కలపాలనుకుంటే ఖాళీ వరుసలను ముందే తీసివేయాలి. ఏది చేసినా అది మీరు తెలిసి తీసుకున్న నిర్ణయం కావాలి. 40 గీతలనూ పలుచని బూడిద రంగులో గీసి, వాటి మీద సగటును ముదురు రంగులో వేస్తే చూడడానికి బాగుంటుంది. కానీ సగటు గీత దగ్గర ఒక ఉచ్చు ఉంది. మొదటి సందర్శనకు 60, 70, 80 కిలోల ముగ్గురు వచ్చారనుకుందాం, సగటు 70. తరువాతి సందర్శనకు 80 కిలోల మనిషి రాలేదు, మిగిలిన ఇద్దరి బరువూ మారలేదు. సగటు 65కు దిగుతుంది. ఎవరూ గ్రాము కూడా తగ్గకుండానే గ్రాఫులో 5 కిలోలు తగ్గిపోయాయి! అందుకే ప్రతి సందర్శన కింద ఎంత మంది కొలతలు ఉన్నాయో రాయండి.

ప్రశ్న: నా ఫైలులో వయసు తెలియని వారికి 999 అని నమోదు చేశారు. హిస్టోగ్రామ్‌లో కుడి చివర ఒంటరి దిమ్మె కనిపించాక, స్టాటాలో వాటిని చుక్కగా (ఖాళీ విలువకు అక్కడి గుర్తు) మార్చాను. ఇప్పుడు 60 ఏళ్లు దాటిన వారిని లెక్కిస్తే, ఉండవలసిన దానికంటే 23 మంది ఎక్కువ వస్తున్నారు. – ఒక ఆరోగ్య గణకుడు

జవాబు: ఆ 23 మంది వయసు తెలియనివారే అయి ఉంటారు, ఒకసారి లెక్కపెట్టి చూడండి. స్టాటా దృష్టిలో చుక్క ఏ అంకె కంటే కూడా పెద్దది. కాబట్టి 'వయసు 60 కంటే ఎక్కువ' అన్న షరతును ప్రతి ఖాళీ విలువా నెరవేరుస్తుంది. షరతు పక్కనే 'ఖాళీ కాదు' అన్న రెండో షరతును చేర్చితే లెక్క సరిపోతుంది. వృద్ధులకు 1, ఇతరులకు 0 అని కొత్త చరరాశిని చేసేటప్పుడు ఇది మరీ ప్రమాదకరం, ఎందుకంటే వయసు తెలియని వారందరూ చడీచప్పుడు లేకుండా 1లో చేరిపోతారు, ఆ తరువాత ఏ గ్రాఫులోనూ ఒంటరి దిమ్మె కనబడి మిమ్మల్ని హెచ్చరించదు. శాస్ అనే మరో గణాంక సాఫ్ట్‌వేరులో ఇది తలకిందులు: అక్కడ ఖాళీ విలువ అన్ని అంకెల కంటే చిన్నది, కాబట్టి 'తక్కువ' అన్న షరతులో దూరుతుంది. ఆర్‌లో పోలిక ఫలితమే 'ఎన్ఏ' (విలువ తెలియదు) అవుతుంది, సగటు అడిగినా 'ఎన్ఏ' అనే చెబుతుంది. ఈ పట్టుదల కొత్తవారికి విసుగు పుట్టిస్తుంది గానీ, నా మటుకు నాకు ఇదే నిజాయితీగా కనిపిస్తుంది.

జవాబు చెప్పడానికి నిరాకరించినవారు, అసలు అడగనివారు వేరువేరుగా ఉండాలంటే, చుక్క పక్కన ఎ నుంచి జెడ్ వరకు అక్షరం చేర్చిన 26 రకాల ఖాళీలు స్టాటాలో ఉన్నాయి. 999కు బదులు 99 వాడిన ఫైలు ఎదురైతే మాత్రం గుడ్డిగా మార్చకండి. నేను ఒకసారి అలా మార్చి, నిజంగానే 99 ఏళ్లు ఉన్న ఒక పెద్దావిడను పట్టికలోంచి తుడిచేశాను. పాత కాగితపు నమూనాలు తిరగేస్తుండగా ఆవిడ వయసు కనబడింది కాబట్టి సరిపోయింది.

ప్రశ్న: 1,200 మంది విద్యార్థుల ఫైలుకు 30 పాఠశాలల ఫైలును పాఠశాల సంఖ్య ఆధారంగా జోడిస్తే 1,240 వరుసలు వచ్చాయి. కొత్త విద్యార్థులు ఎక్కడి నుంచి వచ్చారు? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: కొత్తవారెవరూ రాలేదండీ, ఉన్నవారిలోనే కొందరు రెండుసార్లు వచ్చారు. మీ పాఠశాలల ఫైలులో వరుసలు లెక్కపెట్టండి, బహుశా 31 ఉంటాయి. 40 మంది విద్యార్థులున్న ఒక పాఠశాల రెండుసార్లు నమోదై ఉంటే, ఆ 40 మందీ రెండు వరుసలతోనూ జతపడి సరిగ్గా 1,240 అవుతారు. అదే పాఠశాల చిరునామానో, ప్రధానోపాధ్యాయుని పేరో రెండు రకాలుగా రాసిన వరుసలు ఇలాంటి చోట తరచుగా కనిపిస్తాయి.

జోడించేటప్పుడు మీరు ఆశిస్తున్న సంబంధాన్ని సాఫ్ట్‌వేరుకు ముందే చెబితే అది మీ తరఫున కాపలా కాస్తుంది. స్టాటాలో జోడించే 'మెర్జ్' కమాండుతో పాటు 'ఎం:1' (అనేక వరుసలకు ఒకటి) అని రాస్తే, పాఠశాల సంఖ్య పునరావృతమైన వెంటనే అది పని ఆపేస్తుంది. అప్పుడు చిరాకుపడి 'ఎం:ఎం' అని రాసేవారు ఉన్నారు. ఆ పద్ధతి వద్దని స్టాటా మాన్యువలే గట్టిగా చెబుతుంది, ఎందుకంటే అక్కడ ఏ వరుస దేనితో జతపడుతుందో వరుసలు అమరిన క్రమాన్ని బట్టి మారిపోతుంది. ఆర్‌లోని డీప్లయర్ ప్యాకేజీ జోడింపు కమాండ్లలో 'రిలేషన్‌షిప్' అన్న చోట 'మెనీ టు వన్' అని ఇస్తే ఇదే కాపలా దొరుకుతుంది.

జతపడకుండా మిగిలిపోయిన వరుసలను కూడా చూడాలి. స్టాటాలో 'మెర్జ్' అన్న పేరుతోనే వచ్చే కొత్త చరరాశి విలువ 1 అయితే ఆ వరుస మొదటి ఫైలులో మాత్రమే ఉందని, 2 అయితే రెండో దానిలో మాత్రమే ఉందని, 3 అయితే రెండింటిలోనూ ఉందని అర్థం. జతపడని వాటికి మూలం చాలాసార్లు సంఖ్యల రాతలోనే ఉంటుంది: ఒక ఫైలులో 007 అని అక్షరాలుగా, రెండో దానిలో 7 అని అంకెగా ఉండడం, లేదా చివర ఒక ఖాళీ జాగా అంటుకుని ఉండడం. గుర్తింపు సంఖ్య మీద మనం కూడికలు చేయం కాబట్టి దాన్ని అక్షరాలుగానే చదివించడం ఉత్తమం. పొడవైన గుర్తింపు సంఖ్యను అంకెగా ఉంచితే, ఎక్సెల్ 15 అంకెల తరువాత ఉన్న వాటిని సున్నాలుగా మారుస్తుంది. స్టాటాలో 'ఫ్లోట్' రకం చరరాశి 1,67,77,216 దాటిన పూర్ణసంఖ్యలన్నింటినీ కచ్చితంగా దాచుకోలేదు, ఇద్దరు మనుషులకు ఒకే సంఖ్య వచ్చేలా చేస్తుంది.

ప్రశ్న: ఎక్సెల్‌లో 2024 జనవరి 1 అని ఉన్న తేదీ ఆర్‌లోకి 45292గా వచ్చింది. తేదీగా మార్చితే 2094 జనవరి 2 అంటోంది. స్టాటాలో ప్రయత్నించిన మిత్రుడికి 2084 వచ్చింది. – ఒక పాఠకుడు

జవాబు: మూడూ రోజులనే లెక్కపెడుతున్నాయి, కానీ మొదలుపెట్టే రోజు వేరు. ఆర్ 1970 జనవరి 1ని, స్టాటా 1960 జనవరి 1ని సున్నాగా తీసుకుంటాయి. ఎక్సెల్ 1900 జనవరి 1ని 1గా లెక్కిస్తుంది, పైగా లీపు సంవత్సరం కాని 1900కు ఫిబ్రవరి 29ని కూడా కలుపుకుంటుంది. ఆ లేని రోజును సర్దుకోవడానికే ఆర్‌లో మార్చేటప్పుడు ఆరంభ దినాన్ని 1899 డిసెంబరు 30 అని ఇస్తారు. స్టాటాలో అయితే ఎక్సెల్ సంఖ్య నుంచి 21916 తీసివేయండి. 23376 వస్తుంది, అది 2024 జనవరి 1కి సరైన సంఖ్య.

ప్రశ్న: మూడు బృందాల్లో 12 మంది చొప్పున ఉన్న ప్రయోగానికి సగటుల దిమ్మెల గ్రాఫు పంపితే, సమీక్షకులు చుక్కలు చూపించమన్నారు. సగటు, ప్రామాణిక విచలనం ఉండగా చుక్కలెందుకు? – ఒక ప్రయోగశాల పరిశోధకురాలు

జవాబు: వారు చుక్కలు చూపించమన్నారు గానీ మీకు చుక్కలు చూపించలేదు కదా, సంతోషించండి. వారు అడిగింది న్యాయమే. గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో నాలుగు చిన్న దత్తాంశాలను ప్రచురించారు. ఒక్కో దానిలో 11 బిందువులు. నాలుగింటిలోనూ ఒక చరరాశి సగటు 9, రెండో దాని సగటు 7.5, సహసంబంధ గుణకం సుమారు 0.816. గీసి చూస్తే మాత్రం ఒకటి మామూలుగా చెదిరిన చుక్కలు, ఒకటి వంపు తిరిగిన రేఖ, ఒకటి దారి తప్పిన ఒక్క చుక్క తప్ప మిగిలినవన్నీ సరళరేఖ, నాలుగోది ఒకే ఒక దూరపు చుక్క వల్ల వాలిన గీత. మీ మూడు దిమ్మెల వెనుక ఇలాంటివి ఏమున్నాయో చదివేవారికి తెలియదు. 12 మందే కాబట్టి 12 చుక్కలనూ చూపడానికి చోటు కావలసినంత ఉంది.

చుక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా కొద్దిగా చెదరగొట్టే 'జిట్టర్' వాడండి, కానీ అడ్డంగా మాత్రమే చెదరగొట్టాలి. జీజీప్లాట్‌లో ఏమీ చెప్పకపోతే అది నిలువుగా కూడా జరుపుతుంది, అంటే మీ కొలతలనే మారుస్తుంది, కాబట్టి ఎత్తు వైపు జరుపును సున్నా చేయాలి. ప్రతి బృందానికి మధ్యగతం దగ్గర చిన్న అడ్డగీత పెడితే చాలు. చుక్కలకు అక్షం సున్నా నుంచి మొదలు కానక్కరలేదు. దిమ్మెలకు మాత్రం తప్పదు, ఎందుకంటే అక్కడ కన్ను పొడవును కొలుస్తుంది.

ప్రశ్న: మెనూలో మౌస్‌తో చేస్తే సరిపోదా? కమాండ్లు రాయడం తప్పనిసరా? – ఇద్దరు పాఠకులు

జవాబు: నేర్చుకునేటప్పుడు మెనూ మంచిదే. ఆరు నెలల తరువాత సమీక్షకులు ఒక్క రోగిని తీసివేసి మళ్లీ గీయమన్నప్పుడు, మౌస్ ఎక్కడెక్కడ నొక్కారో ఎవరికీ గుర్తుండదు. ఎస్పీఎస్ఎస్ పెట్టెల్లో 'ఓకే' పక్కన ఉండే 'పేస్ట్' నొక్కితే మీరు ఎంచుకున్నవన్నీ కమాండ్లుగా సింటాక్స్ ఫైలులోకి వస్తాయి. స్టాటాలోనూ మెనూ నుంచి చేసిన ప్రతి పనికీ కమాండు తెర మీద కనిపిస్తుంది, దాన్ని డూ ఫైలులో దాచుకోవచ్చు. మూల ఫైలును చదవడానికి మాత్రమే తెరిచి, మార్పులన్నీ కొత్త పేరుతో భద్రపరచండి.

ప్రశ్న: తెర మీద చక్కగా ఉన్న గ్రాఫు అచ్చులో మసకగా, అక్షరాలు చీమల్లా వస్తున్నాయి. – ఒక అధ్యాపకురాలు

జవాబు: పత్రంలో గ్రాఫు ఎంత వెడల్పు ఉండబోతోందో ముందే తెలుసుకుని, ఆ కొలతతోనే భద్రపరచండి. 16 సెంటీమీటర్ల వెడల్పు, అంగుళానికి 300 చుక్కలు కావాలంటే చిత్రం సుమారు 1,890 పిక్సెళ్లు ఉండాలి. పత్రిక అంగీకరిస్తే పీడీఎఫ్ లేదా ఎస్‌వీజీ ఇవ్వండి, వాటిలో గీతలు గీతలుగానే ఉంటాయి కాబట్టి ఎంత పెంచినా మసకబారవు. జీజీప్లాట్‌లో భద్రపరిచేటప్పుడు కొలత చెప్పకపోతే, ఆ క్షణాన మీ తెర మీద గ్రాఫు కిటికీ ఎంత ఉంటే అంత కొలతనే తీసుకుంటుంది. నిన్న బాగా వచ్చిన గ్రాఫు ఈ రోజు వేరుగా రావడానికి కారణం చాలాసార్లు అదే.