పాపకు ఏ పాస్‌పోర్టు? ముందు వేసే దరఖాస్తే తేలుస్తుంది

ప్రశ్న: మేమిద్దరం భారత పౌరులం, హెచ్‌-1బి వీసా మీద డాలస్‌లో ఉంటున్నాం. పాప పుట్టి ఐదు నెలలైంది. ప్రస్తుతానికి రెండు పౌరసత్వాలూ ఉంచి, పద్దెనిమిదేళ్లు వచ్చాక తననే తేల్చుకోమందామని మా ఉద్దేశం. కుదురుతుందా?

జవాబు: పద్దెనిమిదేళ్ల దాకా ఆగే విషయం కాదు, మొదటి ఏడాదిలోనే తేలిపోతుంది. అమెరికా పౌరసత్వానికి మీరు చేయాల్సిందేమీ లేదు, అక్కడ పుట్టడంతోనే వచ్చేసింది. భారత పౌరసత్వం అలా రాదు. 2004 డిసెంబరు 3 నుంచి విదేశంలో పుట్టిన పిల్లల జననాన్ని ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. నమోదు చేయించేటప్పుడు, బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. చిక్కంతా ఇక్కడే. అమ్మమ్మకు చూపించాలన్న తొందరలో అమెరికా పాస్‌పోర్టు ముందే తీసుకుంటారు. ఆ తర్వాత ఈ కాగితం మీద సంతకం పెడితే అది అబద్ధపు ప్రకటనే.

పోనీ భారత పాస్‌పోర్టే తీసుకుని హైదరాబాద్ వచ్చారనుకుందాం. తిరుగు ప్రయాణం ఎలా? అమెరికా పౌరులు ఆ దేశపు పాస్‌పోర్టుతోనే రాకపోకలు సాగించాలని అక్కడి చట్టం. తమ పౌరులకు వాళ్లు వీసా వేయరు. అమెరికా పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా పాప ఇక్కడే ఉండిపోవాలి.

అక్కడే స్థిరపడే ఆలోచన ఉంటే అమెరికా పాస్‌పోర్టు, దాని మీద ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే) కార్డు తీసుకోండి. అమెరికా పాస్‌పోర్టు దరఖాస్తు ఫారం డీఎస్‌-11తో తల్లిదండ్రులిద్దరూ పాపను వెంటబెట్టుకుని దరఖాస్తు కేంద్రానికి వెళ్లాలి. ఒకరు రాలేకపోతే సమ్మతి పత్రం డీఎస్‌-3053 నోటరీ చేయించి పంపాలి. పదహారేళ్లలోపు వారి పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది. ఇరవై ఏళ్లు వచ్చేదాకా పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ దాని కాపీ, కొత్త ఫొటో మూడు నెలల్లోగా ఓసీఐ పోర్టల్లో పెట్టాలి. ఓసీఐ ఉన్నా ఓటు ఉండదు. తాతగారి పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు గానీ, కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు.

ప్రశ్న: అమెరికా నుంచి తిరిగొచ్చేశాం. అక్కడ పుట్టిన మా బాబుకు తొమ్మిదేళ్లు, ఓసీఐ ఉంది. మెడిసిన్ చదివించాలంటే భారత పౌరసత్వం తీసుకోవడం మేలంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు ఓసీఐ ఏ తేదీన వచ్చిందో చూడండి. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు నీట్, జేఈఈ లాంటి పరీక్షలు రాయవచ్చు, కానీ పోటీ ఎన్నారై సీట్లకే. ఆ తేదీకి ముందే ఓసీఐ పొందినవారికి సాధారణ సీట్లకూ పోటీపడే పాత అర్హత కొనసాగుతుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బాబు కార్డు అంతకుముందుదైతే సీటు కోసం పౌరసత్వం మార్చాల్సిన పని లేదు.

తర్వాత వచ్చిందైతే, భారత పౌరుల మైనర్ పిల్లలను పౌరులుగా నమోదు చేసే వీలు పౌరసత్వ చట్టం ఐదో సెక్షన్‌లో ఉంది. కానీ ఇది సగం దారే. బాబు అమెరికా పౌరసత్వాన్ని అతని తరఫున మీరు వదిలేయలేరు. పదహారేళ్లు నిండని పిల్లలకు అంతటి నిర్ణయం తీసుకునే పరిణతి లేదనే అక్కడి అధికారులు సాధారణంగా భావిస్తారు. ఆ కొస ఎలా ముడిపడుతుందో తేల్చుకోకుండా కేవలం సీటు కోసం దరఖాస్తు వేయొద్దని మా సలహా.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో పుట్టాడు, జననం భారత కాన్సులేట్‌లోనూ నమోదైంది. త్వరలో పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఏం చేయాలి?

జవాబు: భారత పౌరుడిగానే ఉండాలనుకుంటే పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లోగా అమెరికా పౌరసత్వం వదులుకోవాలి. ఏమీ చేయకపోతే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది.

వదులుకోవడం అమెరికా గడ్డ మీద ఉండగా మామూలుగా జరిగే పని కాదు. ఇతర దేశంలోని వాళ్ల కాన్సులేట్‌లో, అధికారి ఎదుట అబ్బాయి స్వయంగా ప్రమాణం చేయాలి. అపాయింట్‌మెంట్ దొరకడానికే నెలలు పట్టవచ్చు, పుట్టినరోజుకు ముందే కదలండి. అమ్మానాన్నల బలవంతం మీద వచ్చాడనిపిస్తే అధికారి ఒప్పుకోడు. ఒకసారి ఆమోదం పొందాక మనసు మార్చుకోవడం దాదాపు అసాధ్యం. ఆ తర్వాత అమెరికా వెళ్లాలంటే అందరిలాగే వీసా కోసం నిలబడాల్సిందే.

అమెరికా పౌరసత్వమే ఉంచుకునేట్టయితే భారత పాస్‌పోర్టు సరెండర్ చేసి, ఆ సర్టిఫికెట్ జతపరిచి ఓసీఐకి దరఖాస్తు చేయాలి.