హాంకాంగ్ నుంచి మకావ్: ఒక్కరే పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలంటే

హాంకాంగ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు తరచూ అడిగే సందేహం ఇది: ఆదివారం ఒక్కరే మకావ్ వెళ్లి రావచ్చా, వీసా కావాలా? వెళ్లి రావచ్చు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మకావ్‌లో 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. చూసుకోవాల్సింది తిరుగు ప్రయాణం సంగతి. మకావ్ ఇమిగ్రేషన్ వేరు, హాంకాంగ్ ఇమిగ్రేషన్ వేరు. ఫెర్రీ ఎక్కారంటే హాంకాంగ్ విడిచి వెళ్లినట్టే. పాస్‌పోర్టు, హాంకాంగ్ ఐడీ కార్డు, ఈ-వీసా ప్రింటు మూడూ వెంట ఉండాలి. ఐడీ కార్డు ఉంది కదా అని పాస్‌పోర్టు ఇంట్లో వదిలేస్తే రేవు దాకా వచ్చి వెనక్కి పోవాల్సిందే. పాస్‌పోర్టులో ముద్ర వేయరు, చిన్న చీటీ చేతికిస్తారు. దాన్ని పాస్‌పోర్టులోనే పెట్టుకోండి.

టికెట్ కొనేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఒక్కచోట. మకావ్‌లో రేవులు రెండు: ఔటర్ హార్బర్, తైపా. తైపా రేవు కొత్త కేసినోలకూ విమానాశ్రయానికీ దగ్గర. పాత పట్నం చూడాలంటే ఔటర్ హార్బర్‌కే తీసుకోండి. తిరుగు టికెట్ మీద ఏ రేవు ఉందో కూడా చూడండి, రాత్రి తప్పు రేవుకు పోతే బోటు తప్పిపోతుంది. హాంకాంగ్ వైపు షుంగ్ వాన్ ఎంటీఆర్ (మెట్రో) స్టేషన్‌లో డి గేటు నుంచి పైకి వస్తే షున్ టాక్ సెంటర్. రేవు అందులోనే. ప్రయాణం దాదాపు గంట. ఇమిగ్రేషన్ క్యూ ఉంటుంది కాబట్టి కనీసం 40 నిమిషాల ముందు చేరండి. వారాంతంలో, రాత్రిపూట రేటు ఎక్కువ. అలలకు కడుపులో తిప్పేవాళ్లు బోటు ఎక్కే ముందే మాత్ర వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక అది పనిచేయదు.

బోటు దిగాక 3 లేదా 10ఏ బస్సు ఎక్కితే పాత పట్నం నడిబొడ్డున ఉన్న సెనాడో స్క్వేర్ దగ్గర దిగొచ్చు. నగదుకు టికెట్ 6 పటాకాలు (పటాకా అంటే మకావ్ కరెన్సీ), చిల్లర ఇవ్వరు, డబ్బాలో సరిపడా వేయాలి. హాంకాంగ్ డాలర్లు తీసుకుంటారు గానీ హాంకాంగ్‌లో బస్సుకూ మెట్రోకూ వాడే ఆక్టోపస్ కార్డు మీద ఆశ పెట్టుకోవద్దు. ఒక జాగ్రత్త: 3వ నంబరు బస్సు చైనా సరిహద్దు గేటు దాకా పోతుంది. నిద్రపోయి అక్కడ దిగినా, గేటు మాత్రం దాటకండి. అవతల జుహాయ్, దానికి చైనా వీసా కావాలి.

ముందు సెయింట్ పాల్స్ శిథిలాల దగ్గరికే వెళ్లండి. పది దాటితే మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. 1602లో మొదలుపెట్టి 1640కి ముగించిన చర్చి ఇది. 1835లో తుఫాను రోజున తగలబడింది, ముందు గోడ ఒక్కటే మిగిలింది. ఫొటో తీసుకుని వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. మూడో అంతస్తు వరుసను తీరిగ్గా చూడండి: ఏడు తలల సర్పం మీద నిలబడ్డ స్త్రీ, పక్కనే చైనా అక్షరాలు, పోర్చుగీసు ఓడ, అస్థిపంజరం. జపాన్ నుంచి వెళ్లగొట్టబడిన క్రైస్తవులూ చైనా శిల్పులూ కలిసి చెక్కిన పని.

గోడకు ఎడమవైపు చిన్న నా చా గుడి, దాన్ని ఆనుకుని పాత కోటగోడ ముక్క ఉంటాయి. ఆ గోడ మట్టి, ఇసుక, వరిగడ్డి, రాళ్లు, ఆల్చిప్పల పొడి కలిపి దిమ్మిస కొట్టి కట్టింది. ఆ మిశ్రమం పేరు చునాంబో. మన సున్నం మాటకు చుట్టమే. పోర్చుగీసువాళ్లు దక్షిణ భారతం నుంచి మోసుకుపోయిన పదం.

పక్కనే మోంటే కోట, లోపల మకావ్ మ్యూజియం. అది సోమవారం మూసి ఉంటుంది.

తర్వాత సెనాడో స్క్వేర్ దాటి దక్షిణంగా నడిస్తే సెయింట్ అగస్టీన్, సెయింట్ లారెన్స్ చర్చిలు, లిలావు స్క్వేర్, మాండరిన్స్ హౌస్ (బుధవారం సెలవు), చివర ఆ-మా గుడి. రెండు కిలోమీటర్ల లోపే, కానీ ఎత్తుపల్లాలు, నున్నటి రాళ్లు. వానలో జారతాయి, బూట్లే వేసుకోండి. ఆ-మా గుడికి కాస్త ముందు పసుపు, తెలుపు రంగుల్లో వరండా భవనం ఉంటుంది: మూరిష్ బ్యారక్స్, 1874. పేరు చూసి అరబ్బులదనుకుంటారు. గోవా నుంచి తెచ్చిన పోలీసుల కోసం కట్టింది. జనం పట్టించుకోరు గానీ మనవాళ్లు ఆగి చూడాల్సిన చోటు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. శిథిలాల దారిలో కత్తెరతో కత్తిరించి రుచికి ఇచ్చే ఎర్రటి పలకలు పంది, ఎద్దు మాంసం. బాదం బిస్కెట్లలో కొన్నిటికి పంది కొవ్వు వాడతారు, అడిగి కొనండి. కస్టర్డ్ టార్టులో గుడ్డు తప్పదు. అరటిపళ్లు, గింజలు సంచిలో ఉంటే దిగులుండదు.

హాంకాంగ్ డాలరు 1.03 పటాకాలతో ముడిపడి ఉంది. దుకాణాల్లో ఒకటికి ఒకటిగానే తీసుకుంటారు, చిల్లర పటాకాల్లో ఇస్తారు. అవి హాంకాంగ్‌లో చెల్లవు, రేవు దగ్గరే ఖర్చుపెట్టేయండి.

తిరుగు టికెట్ చివరి బోటుకు కొనొద్దు. దానికి ముందుది తీసుకుంటే ఏదైనా ఆలస్యమైనా ఇంకొకటి మిగులుతుంది. తొందరగా వచ్చేస్తే స్టాండ్‌బై వరుసలో నిలబడొచ్చు, సీట్లు ఖాళీ ఉంటే ముందు బోటులో పంపిస్తారు. మే నుంచి అక్టోబరు దాకా బయల్దేరే ముందు తుఫాను సూచన చూడండి. 8వ నంబరు తుఫాను హెచ్చరిక సిగ్నల్ ప్రకటిస్తే ఫెర్రీలు ఆగిపోతాయి. హాంకాంగ్‌నూ మకావ్‌నూ కలుపుతూ 2018లో తెరిచిన వంతెన మీద బస్సు ఉంది గానీ, గాలి తీవ్రతను బట్టి అదీ మూయొచ్చు. 3వ నంబరు సిగ్నల్ ఉన్నా సరే, బయల్దేరకపోవడం మేలు.