రిపోర్టులన్నీ నార్మల్... మరి ఆయనకేమైంది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. మా వారికి 44 ఏళ్లు. నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాం. సంక్రాంతి నుంచి గుండెల్లో బరువు, కడుపులో మంట, నీరసం అంటున్నారు. ఆర్ఎంపీ గ్యాస్ అని రెండుసార్లు సెలైన్ పెట్టాడు. గుంటూరు కొత్తపేటలో ఈసీజీ, ఎకో, ఎండోస్కోపీ చేయించాం. అన్నీ నార్మల్. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. మొన్న మబ్బు పట్టినా కల్లంలో కాయల మీద పట్ట కప్పకుండా చూస్తూ కూర్చున్నారు. "నేను లేకపోతేనే మీకు నయం" అంటున్నారు. బావగారు ధైర్యంగా ఉండమంటారు, అత్తయ్య దిష్టి అంటారు. పిచ్చి డాక్టరుకు చూపిస్తే పెళ్లికి ఎదిగిన అమ్మాయి సంబంధాలు చెడతాయని భయం. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది, ముందు అది చెబుతాను. వసారాలో, మోటారు షెడ్డులో మిగిలిన పురుగుమందు డబ్బాలన్నీ మీ బావగారింటికి పంపి తాళం వేయించండి. "నేను లేకపోతేనే నయం" అన్న మాటను విసుగులో అన్నదిగా తీసుకోకండి. ప్రాణం తీసుకోవాలన్న తెగింపు చాలామందిలో కాసేపు ఉండి తగ్గిపోతుంది. ఆ కాసేపు మందు చేతికందకపోతే మనిషి దక్కుతాడు.

రెండోది, పక్కన కూర్చుని మెల్లగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు గానీ అలా జరగదు. దాచుకున్నది బయటికి చెప్పుకునే వీలు దొరుకుతుంది. అవునన్నా, ఎలాగో కూడా అనుకున్నానన్నా ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది డిప్రెషన్‌లా ఉంది. తేల్చి చెప్పాల్సింది డాక్టరే. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడడం, నీరసం, తన వల్ల అందరికీ భారమనుకోవడం... ఇవి రెండు వారాలు దాటి రోజూ ఉంటే చూపించుకోవాలి. మీ ఇంట్లో నెలలు గడిచాయి. మనవాళ్లలో చాలామంది "దిగులుగా ఉంది" అని చెప్పరు, ఒంటి నొప్పులే చెబుతారు. ఆయన గుండె బరువు నాటకం కాదు, నిజంగానే అనిపిస్తుంది. ఈసీజీలో అది కనపడదు, అంతే.

నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం కల్లం సంగతి. చినుకు పడితే కాయ రంగు పోతుందని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మబ్బు కనపడితే అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తే రైతు కదలకుండా కూర్చున్నాడంటే అది బద్ధకం కాదు. లేవాలని తెలుసు, ఒళ్లు లేవదు. "ధైర్యంగా ఉండు" అన్న మాట అలాంటి మనిషికి తిట్టులా తగులుతుంది. బావగారికి ఇది వివరంగా చెప్పండి. అత్తయ్యగారు తాయెత్తు కడతానంటే కట్టనివ్వండి, దానికోసం వైద్యం ఆపొద్దు.

గుంటూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ, అంటే మనసు జబ్బుల విభాగం ఉంది. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఈ చదువు చదివిన డాక్టరే. థైరాయిడ్, బీ12 లాంటి లోపాల వల్ల కూడా ఇలా ఉండవచ్చు కాబట్టి రక్తపరీక్షలు రాయవచ్చు. ఆయన తాగుతుంటే దాచకండి. ఎప్పుడైనా దీనికి పూర్తిగా విరుద్ధంగా, నిద్ర లేకుండా విపరీతమైన హుషారుతో, చేతికి అడ్డు లేకుండా ఖర్చు పెట్టిన రోజులుంటే అదీ చెప్పాలి. అప్పుడు వాడే మందులు వేరు.

డిప్రెషన్ మాత్రలు రెండు నుంచి నాలుగు వారాలకు గానీ గుణం చూపవు. మొదట్లో వికారం, తలనొప్పి ఉండవచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు. ఆయనను మాననివ్వకండి. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఇవి అలవాటు పడిపోయే మందులు కావు. అలవాటయ్యేవి కొన్ని నిద్రమాత్రలు, వాటిని మెడికల్ షాపులో సొంతంగా కొనకండి. సాగు కోసం చేసిన అప్పేదైనా ఉంటే దాన్ని తీర్చే మాత్ర ఏదీ లేదు, నిజమే. కానీ ఆ లెక్క ముందేసుకుని కూర్చోగల ఓపిక వైద్యంతో తిరిగి వస్తుంది.

"మనసు డాక్టరు" అంటే రానంటే నిద్ర దగ్గర మొదలుపెట్టండి. "మూడింటికే మెలకువ వస్తోంది కదా, దానికి చూపిద్దాం" అనండి. అది అబద్ధం కాదు, ఆయన ఒప్పుకునే బాధ కూడా. ఎవరి మాట వింటారో వాళ్లను తోడు తీసుకెళ్లండి.

సంబంధాల భయం నాకు అర్థమైంది, ఊళ్లో ఉన్నవాళ్లకు అది చిన్నది కాదు. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యం చేసేవాళ్ల మీద ఉంది. ఊళ్లో ఎవరికీ మీరు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అమ్మాయికి మాత్రం చెప్పండి. ఆ పిల్ల ఇప్పటికే అన్నీ చూస్తూ ఉంటుంది.

ఈలోగా అర్ధరాత్రయినా సరే 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలీ మానస్ అది, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆయన మాట్లాడకపోతే మీరు మాట్లాడండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ సంచిలో పెట్టుకోండి. అవి ఇచ్చేముందు, ఆ రోజు మబ్బు పట్టినప్పుడు ఆయన ఎలా కూర్చున్నారో నాకు చెప్పినట్టే చెప్పండి.