సంవత్సరీకం దాకా ఏడాది ప్లాన్ వద్దు, నెలకో పని పెట్టుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉండేది గుంటూరు కొరిటెపాడులో, జూన్‌లో నాన్నగారు పోయారు, అక్టోబర్‌లో ఉద్యోగం పోయింది, ఇంట్లో అమ్మ, నువ్వు. కొత్త సంవత్సరానికి ప్లాన్ రాసుకుందామంటే ఏమీ తోచట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. వయసులో నీకంటే పెద్దదాన్ని, అందుకే నువ్వు అంటున్నాను.

నాది విజయవాడ సింగ్ నగర్. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ పని చేసేవారు. 2024 ఉగాదికి రెండు వారాల ముందు గుండెపోటుతో పోయారు. 47 ఏళ్లు. నేను ఇంట్లోనే ముందు గదిలో బ్లౌజులు కుడతాను. ఐదు నెలలకి కాస్త తేరుకుంటున్నాం అనుకుంటే బుడమేరు వాగు వరద వచ్చి పడింది. ఆగస్టు 31 శనివారం అంతా వాన. ఆదివారం తెల్లవారుజామున మంచం మీంచి కాలు దించితే నీళ్లు తగిలాయి. పిల్లాణ్ణి తీసుకుని పక్కింటివాళ్ల డాబా ఎక్కాం. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎన్నడూ లేనంత వరద. ఊరంతా కృష్ణ వైపు చూస్తోంది. మా ఇల్లు ముంచింది మాత్రం బుడమేరు గండ్ల నుంచి వచ్చిన నీళ్లు. పడవల్లో పాల ప్యాకెట్లు, మంచినీళ్లు తెచ్చిస్తే అందుకుంటూ రోజులు గడిపాం.

నీళ్లు తీశాక చూస్తే గోడ మీద బురద గీత నా భుజం ఎత్తున ఉంది. కుట్టు మిషను మోటారు పోయింది. దసరాకి ఇవ్వాల్సిన జాకెట్ గుడ్డలు 14, అన్నీ మనుషులు నమ్మి ఇచ్చినవి, బురద ముద్దలైపోయాయి. ఆయన షర్టు ఒకటి ఉతక్కుండా బీరువా కింది అరలో దాచుకున్నాను. వాసన పోకుండా కవర్లో చుట్టి పెట్టాను. కవర్లోకి కూడా బురద దూరింది. ఆయన పోయిన రోజు నాకు సరిగ్గా ఏడుపు రాలేదు. ఆ షర్టు పంపు కింద పెట్టి ఉతుకుతుంటే వచ్చింది.

అప్పుడే చుట్టాలు మొదలుపెట్టారు. ఇల్లు అమ్మేయ్, గుడివాడ వచ్చెయ్, పిల్లాణ్ణి హాస్టల్లో వెయ్యి అని. మంచికే చెప్పారు, కాదనను. మా అత్తగారు మాత్రం ఒకటే మాటన్నారు: "సంవత్సరీకం అయ్యేదాకా ఏదీ తేల్చెయ్యకమ్మా. నెల మాసికం పెట్టుకుంటూ పో." ఆచారం కోసం అన్నారనుకున్నాను. తర్వాత తెలిసింది, నాకు కావలసిన క్యాలెండర్ అదేనని. ఆ ఏడాది పండగలు లేవు, పెళ్లిళ్లకి వెళ్లడం లేదు, ఎవరూ ఏమీ అడగరు. నెలకొకసారి ఆయనకిష్టమైన గోంగూర పప్పు, వడలు చేసి, పంతులుగారికి స్వయంపాకం ఇచ్చి, సాయంత్రం పిల్లాడు, నేను కూర్చుని ఒకే ఒక్క పని రాసుకునేవాళ్లం. వచ్చే మాసికం లోపు అది అయిపోవాలి. అంతకు మించి ఆలోచించేవాళ్లం కాదు.

వరదకి ముందు మూడో మాసికానికి పెట్టుకున్న పని పాస్‌బుక్కులు ప్రింట్ చేయించడం. దాని గురించి వివరంగా చెబుతాను, నీకూ పనికొస్తుంది. ఆయన పాస్‌బుక్‌లో అంతకు ముందు ఏడాది మే నెలలో 436 రూపాయలు కట్ అయిన లైను కనిపించింది. ఏమిటని కౌంటర్లో అడిగితే, ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా అన్నారు. ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. 55 ఏళ్ల లోపువాళ్లకే ఉంటుంది. ఖాతా తెరిచేటప్పుడు ఎక్కడో సంతకం పెట్టి ఉంటారు, ఆయన నాకు చెప్పలేదు, బహుశా ఆయనకీ గుర్తుండదు. ఆ డబ్బే తర్వాత మాకు కొత్త మిషను అయ్యింది, బాబు ఫీజు అయ్యింది. మునిగిన ఇంటికి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు రంగులకీ, మంచాలకీ సరిపోయాయి.

మీ నాన్నగారి పాస్‌బుక్ కూడా అలా లైను లైనూ చూడు. 436 ఉందా, 20 రూపాయలు ఉందా (అది ప్రమాద బీమా), ఎల్‌ఐసీ ప్రీమియం ఏమైనా కట్ అయిందా. ఆయనకి పీఎఫ్ ఉండి, ఉద్యోగంలో ఉండగానే పోయి ఉంటే, పీఎఫ్ డబ్బు ఒకటి, అమ్మకి నెలనెలా పెన్షన్ ఒకటి, ఈడీఎల్‌ఐ అనే బీమా ఒకటి, మూడూ వేర్వేరు. బీమా గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉంటుంది. చాలామంది మొదటిది తీసుకుని ఊరుకుంటారు. ఆధార్‌లో అమ్మ ఇంటిపేరు ఒకలా, పీఎఫ్‌లో ఇంకోలా ఉంటే ముందు అది సరిచేయించు. నాకు ఒక్క అక్షరం తేడాకి రెండు నెలలు పోయాయి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి మీ వార్డు సచివాలయంలో అప్లై చెయ్యి. డెత్ సర్టిఫికెట్ జిరాక్సులు ఒకేసారి పది తీయించి పెట్టుకో.

ఉద్యోగం సంగతి వదిలెయ్యమనను. వెతుకు, కానీ రోజుకి రెండు గంటలు చాలు. మిగతా టైం అంతా ఫోను పట్టుకుని కూర్చుంటే టెన్షన్ పెరగడం తప్ప ఏమీ ఉండదు, నేను చూశాను. వచ్చిన మొదటి ఉద్యోగం కాస్త తక్కువ జీతమైనా, గుంటూరులోనో మా విజయవాడలోనో దొరికితే ఒప్పుకో. ఈ ఏడాది అమ్మని ఒంటరిగా వదిలి హైదరాబాద్ వెళ్లడం నాకు నచ్చదు. ఇల్లు మారడం, పొలం అమ్మడం, పెళ్లి, ఏదైనా సంవత్సరీకం తర్వాతే.

2025 మార్చిలో మా ఆయన సంవత్సరీకం అయ్యాక మొదటిసారి ఏడాది ప్లాన్ రాశాను. నాలుగే లైన్లు. మిషను మోటారు ఎత్తు స్టాండు మీద పెట్టించడం. కాగితాలన్నీ ఫొటోలు తీసి, అసలువి అమ్మవాళ్లింట్లో ఉంచడం. నా ఖాతాకి, నా బీమాకి నామినీగా బాబు పేరు రాయించడం. ఇల్లు అమ్మకపోవడం.

మీ నాన్నగారి సంవత్సరీకానికి ఇంకా ఆరు నెలలుంది కదా. ఆరు పనులు, అంతే. ఈ నెల మాసికం రోజు ఆయనకి ఇష్టమైనది అమ్మతో చేయించు, నువ్వు పక్కన కూర్చుని కూరగాయలు తరుగు. మర్నాడు పాస్‌బుక్ ప్రింట్‌కి వెళ్లేటప్పుడు అమ్మని వెంట తీసుకెళ్లు. ఆ లైను ఆవిడ కళ్లతో ఆవిడే చూడాలి.